ఎవరికీ అక్కర్లేని ఎస్టేట్

ఆ సోమవారం పొద్దున చియా వీ కియాట్ పెట్టుకున్న పనులు మూడే: కాఫీ తాగడం, కూతురికి ఇల్లు ఖాయం చేయడం, వాన రాకముందే బట్టలు ఆరేయడం. ఏ పేటలో ఎన్ని సర్కారు ఫ్లాట్లు కడితే ఎంతమంది అడుగుతారో ముప్పై ఏళ్లు అంచనాలు వేసి రిటైరైన మనిషికి మధ్య పని పెద్ద లెక్క కాదు. ఆయన లెక్కగట్టిన ఒక పేటకు జనం ఎగబడ్డారు, ఇంకొక పేటకు మైనాలు తప్ప ఎవరూ రాలేదు. ఆ సంగతులు ఆయన తలచుకోడు.

కూతురు హుయ్ షాన్, ఆమె చేసుకోబోయే ఇగ్నేషియస్‌ల పేర్లు సర్కారు ఫ్లాట్ల లాటరీలో అప్పటికి మూడుసార్లు పోయాయి. ఫ్లాటు ఎంచుకునే వరసలో నంబరు వస్తేనే పెళ్లి.

"ఈసారీ పోతే ఇగ్నేషియస్ వాళ్లమ్మావాళ్ల హాల్లో పరుపేసుకుని కాపురం చెయ్యాలి పా," అంది హుయ్ షాన్ తండ్రితో.

"మన బ్లాకు ఎదురుగా కట్టేవాటికి మాత్రం దరఖాస్తు వెయ్యకు," అన్నాడు చియా. " ఊరంతా వాటిమీదే పడుతుంది. రైలు వెళ్లని ఆ చివరి ఎస్టేటు ఫ్లాట్లకు వెయ్యి. అదెవరికీ అక్కర్లేదు."

"సరే. ఈ మాట ఇంకెవరికీ చెప్పకు."

"నేనెందుకు చెప్తాను?"

పావుగంటలో చెప్పాడు. కాఫీ కొట్టు నడిపే కిమ్ లాన్, చియా భార్య పోయిన దగ్గర్నుంచి ఆయనకు అడక్కుండానే కాఫీలో పంచదార తగ్గించి ఇస్తోంది. ఆమె కొడుకూ ఇల్లు వెతుకుతున్నాడు. అలాంటి మనిషి దగ్గర నోరు కట్టుకోవడం చియా వల్ల కాలేదు.

"మీ అబ్బాయికి మాత్రమే," అన్నాడు.

కిమ్ లాన్ కూడా ఒక్క మనిషికే చెప్పింది. ఆ మనిషి క్షౌరశాల నడుపుతుంది.

బుధవారం వెబ్‌సైటు చూస్తే చివరి ఎస్టేటులో ఫ్లాటుకు నలుగురు పోటీ.  గురువారం పొద్దున చియా కింద వ్యాయామం చేసే ముసలివాళ్ల దగ్గరికి వెళ్లి, "అక్కడ దోమలు. బస్సు కూడా సరిగా రాదు. వద్దు," అన్నాడు.

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఫ్లాట్ల ఆఫీసులో చేసినాయనే వద్దంటున్నాడంటే కూతురికోసం దాచుకుంటున్నాడు," అంది ఒకావిడ, చేతులు చాచి గాలి పీలుస్తూ. "మావాడికి ఇప్పుడే ఫోన్ చేస్తాను."

ఆదివారం గడువు ముగిసేసరికి ఫ్లాటుకు పదకొండుమంది. చియా అన్నం కలిపాడు గాని తినలేదు.

"తప్పు నాదే తల్లీ. నోరు జారాను."

"తెలుసు. జుట్టు కత్తిరించే ఆంటీ, చివరి ఎస్టేటుకు వెయ్యమని నాకే రహస్యంగా చెప్పింది."

"వేశావుగా మరి?"

"లేదు పా." ఆమె కర్టెన్ పక్కకు లాగి, ఎదురుగా నిలబడ్డ క్రేను చూపించింది. "నాన్నకు చెబితే బ్లాకంతటికీ చెప్పినట్టేనని అమ్మ అనేది. అందరూ అటు పోతారని నేను ఇటు వేశాను. ఇక్కడ ఫ్లాటుకు ఇద్దరే. పైగా తండ్రి పక్కనే ఉంటానంటే లాటరీలో ముందు వరుసట."

రెండు నెలలకు నంబరు వచ్చింది: ముప్పై ఒకటి. ఆదివారాలు భోజనానికి ఇక్కడికే వస్తామని ఇగ్నేషియస్ ఖాయం చేశాడు. కిమ్ లాన్ కొడుక్కి చివరి ఎస్టేటులో వచ్చిన నంబరు రెండువేల ఆరువందల పైచిలుకు; అంతదాకా ఫ్లాట్లు మిగలవు.

ఇప్పుడు చియా కాఫీకి నాలుగు బ్లాకులు అవతలికి నడుస్తున్నాడు. అక్కడి కాఫీ బాగుంటుందని మాత్రం ఎవరికీ చెప్పడం లేదు.