మేయర్‌గారి మూకీ అన్నదమ్ములు

"మన ఊళ్లో అలాంటివాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. అందుకే వాళ్ల సినిమాను ధైర్యంగా ప్రదర్శిస్తున్నాం" అని మేయర్ ఒనోదెరాగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. విలేకరులు ఇద్దరే వచ్చినా, నిండు సభకు వంగినంతగా వంగి నమస్కరించారు.

ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకునే ఆ పాత మూకీ సినిమాను ఒకప్పుడు ఈ రేవులోనే తీశారు. వైవిధ్యాన్ని గౌరవించే ఊళ్లకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందని తెలిసిన రోజునుంచి మేయర్‌గారికి వైవిధ్యం మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది.

మూకీకి మాటలుండవు కనక, తెర పక్కన నిలబడి కథ చెప్పే బెన్షి కావాలి. ఊళ్లో ఆ విద్య తెలిసినవాడు ముకాయ్ ఒక్కడే. అతను ముప్పై ఏళ్లుగా యోషికితో కలిసి ఉంటున్నాడు. వచ్చే నెల యోషికి గుండెకు ఆపరేషన్. సంతకం కుటుంబసభ్యులే పెట్టాలని ఆసుపత్రివాళ్లు తేల్చిచెప్పారు. ఇద్దరూ జీవన భాగస్వాములని మునిసిపాలిటీ ఒక ధ్రువపత్రం ఇస్తే చాలు. ముకాయ్ అర్జీ పెట్టాడు. అలాంటివాళ్లు ఊళ్లో లేరు కనక అర్జీదారులు కూడా లేరనే తిరుగులేని తర్కంతో మేయర్‌గారు దాన్ని వాపసు పంపారు. లేనివాళ్ల చిరునామాకు అది మర్నాడే చేరింది.

రిహార్సల్‌కు మేయర్‌గారు స్వయంగా విచ్చేశారు.

"ముకాయ్‌గారూ, తెరమీద ఆ ఇద్దరూ అన్నదమ్ములు. గుర్తుంచుకోండి."

"ఒకే గొడుగు కింద ముద్దు పెట్టుకుంటున్నారండీ."

"వానలో మాట వినపడక, దగ్గరికెళ్లి చెబుతున్నాడు."

"నోట్లోనా?"

"అక్కడే కదండీ మీ ప్రతిభ కావాల్సింది! మీరు చక్కగా చెప్పండి, మీ అర్జీని సానుకూలంగా పరిశీలిస్తాను."

ముకాయ్‌కి ఒళ్లు మండింది. కానీ ఆపరేషన్ గుర్తొచ్చి తలూపాడు.

ఆదివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాలు నిండిపోయింది. జనం గుమ్మంలో చెప్పులు విడిచి, దిండ్ల మీద కూలబడి, బియ్యపు అప్పడాల పొట్లాలు విప్పారు. యోషికి వెనక గోడవారన మడత కుర్చీలో కూర్చున్నాడు. పొట్లాలన్నీ ఖాళీ అయ్యేదాకా మేయర్‌గారు స్వాగతం పలికారు.

సినిమా మొదలైంది.

"తమ్ముడికి జ్వరమేమోనని అన్నయ్య బుగ్గలు తాకి చూస్తున్నాడు!" ముకాయ్ గొంతు ఖంగున మోగింది.

"మా ఆయన నా జ్వరం ఒక్కనాడైనా ఇలా చూసి చావలేదు!" అంది ముందు వరసలోంచి చేపల మార్కెట్ ఫుకుయే మామ్మ.

"అన్నదమ్ములు ఇంత ముద్దుగా ఉంటారుటే? మావాళ్లు ఒక్క పడవ కోసం కోర్టుకెక్కారు!" అంది పక్కావిడ.

హాలు గొల్లుమంది. ప్రజలు ఆనందంగా ఉన్నారు కనక మేయర్‌గారూ నవ్వారు.

చివరి రీలులో ఆ ఇద్దరిలో ఒకడు జబ్బుపడ్డాడు. బంధువులు రెండోవాణ్ని గుమ్మం బయటే ఆపేశారు. వాడు మంచులో నిలబడి, మూసిన తలుపునే చూస్తున్నాడు. ముకాయ్ తెరమీంచి కళ్లు తిప్పి హాలు వెనక్కి చూశాడు. గోడవారన యోషికి గుండెమీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. అది చూసేసరికి ముకాయ్‌కి ఏడుపు తన్నుకొచ్చింది.

"వీళ్లు అన్నదమ్ములు కారు" అన్నాడు చివరికి.

"మాకు తెలుసులే నాయనా, నువ్వు కానీ" అంది ఫుకుయే మామ్మ. "ఎవరైనా ఆ యోషికికి కాస్త వేడి టీ ఇవ్వండర్రా, వెనక చలిగాలి కొడుతోంది."

మిగతా కథంతా ముకాయ్ ఉన్నదున్నట్టే చెప్పాడు.

మేయర్‌గారు ఊరి విశాల హృదయాన్ని కొనియాడి సభ ముగించి, ముకాయ్‌ని టీ గదిలోకి రమ్మన్నారు. అర్జీకి నీళ్లొదులుకుని ముకాయ్ వెనకాలే వెళ్లాడు. మేయర్‌గారు తలుపు మూసి జేబులోంచి ఫోను తీశారు. వీడియోలో ఇద్దరు కుర్రాళ్లు నల్లటి పెళ్లి కిమోనోలు కట్టుకుని, తంతు ప్రకారం ఒకే గిన్నెలోని సాకే సారాను వంతులవారీగా తాగుతున్నారు. అందులో ఒకడు అచ్చం మేయర్‌గారిలాగే ఉన్నాడు.

"మా అబ్బాయి. రేపు మా అమ్మకి ఇది చూపించాలి. మీరొచ్చి పక్కన నిలబడి కాస్త... ఆ జ్వరం సంగతి చెప్పాలి."

"మన ఊళ్లో అలాంటివాళ్లు లేరన్నారు కదండీ?"

"లేరు" అన్నారు మేయర్‌గారు గంభీరంగా. "వాడు సప్పొరోలో ఉంటాడు."

ముకాయ్ కిమోనో చేతి మడతలోంచి వాపసొచ్చిన అర్జీ తీసి, ఆయన ముందు బల్లమీద పరిచాడు.

"మీ మాట సానుకూలంగా పరిశీలిస్తానండీ" అన్నాడు.