నవ్వకండిగారి గోడ

పాస్‌పోర్టు ఫొటోలు తీసే ఆయన్ని వీధిలో అందరూ నవ్వకండిగారు అంటారు. స్టూడియోలో స్టూలెక్కిన ప్రతివాళ్లకీ ఇరవై ఏళ్లుగా ఆయన చెప్పే మాట అదొక్కటే.

ఇంట్లో ఆయన భార్య చెప్పే మాటా ఒక్కటే. "ఏమండీ, హాలు గోడ."

ఆ గోడకు చెమ్మ పట్టి, పెచ్చులు లేచి మూడేళ్లయింది. మొదటి ఏడాది ఆయన బీరువాను అడ్డం జరిపాడు. రెండో ఏడాది మచ్చ బీరువాను దాటి బయటికొచ్చింది. స్టూడియోలో పాతబడ్డ నీలం తెర తెచ్చి కట్టాడు. అప్పటినుంచి ఇంటికొచ్చిన చుట్టాలు ఆ తెర ముందు కూర్చోగానే మెడ నిటారుగా పెట్టి, ఊపిరి బిగబట్టేవారు.

మూడో ఏడాది ఫొటోగ్రాఫర్ల సంఘం, ఎవరైనా పంపొచ్చని ఒక పోటీ పెట్టింది. అంశం, కనిపించని మనిషి. ఒంటికి రంగులు పూసి మనిషిని వెనకున్న దానిలో కలిపేయాలి.

నవ్వకండిగారు బీరువా జరిపి, సర్రున తెర లాగేశాడు. "ఇక ఈ గోడను ఎవరూ ముట్టుకోకూడదు. ఈ మచ్చలో మీ తమ్ముణ్ని కలిపేస్తాను. బహుమతి వచ్చాక కూడా గుర్తుగా ఇలాగే ఉంచాలి."

"మా తమ్ముడే ఎందుకు?"

"సెలవు పెట్టి వచ్చి పది రోజులైంది. తినడం తప్ప పనేముంది వాడికి?"

ఆవిడ బ్యూటీ పార్లర్లో పని చేస్తుంది, నాటకాలవాళ్లకు రంగులూ వేస్తుంది. గోడను చూసింది, మొగుణ్ని చూసింది. "సరేనండీ" అంది.

పెళ్లయ్యాక ఆవిడ సరేనన్న రోజుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒక్కటీ ఆయనకు కలిసిరాలేదు.

బావమరిది బస్సు కండక్టరు. నిక్కరుతో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే అటూ ఇటూ ఊగుతున్నాడు.

"కదలకురా!"

"కింద నేల కదలకపోతే నాకు నిలబడ్డం రాదు బావా."

అక్క గోడ మీది మచ్చను అతని ఒంటి మీద ఉన్నదున్నట్టు దింపింది. నవ్వకండిగారు ఎడమవైపు దీపం వెలిగించాడు. గోడ మీద ఒక్కో పెచ్చుకూ ఒక్కో నీడ పడింది.

"వీడికి పెచ్చుల్లేవు కదండీ" అందావిడ. "గోడను గీకుతారా, వీడికి పెచ్చులు లేపమంటారా?"

"గోడనే బావా!" అన్నాడు బావమరిది.

నవ్వకండిగారు గీకాడు. కింద పాత ఆకుపచ్చ రంగు బయటపడింది, దాని కింద గుంటలు.

"వీడి భుజం నున్నగా ఉంది. గుంటల్లో లప్పం పెడితే ఆ గోడా నున్నబడుతుంది" అందావిడ.

పెట్టాడు. ఆరాక గరుకు కాగితంతో రుద్దాడు.

"ఇన్ని రంగులెందుకండీ, ఒక్క రంగయితే ఇట్టే కలిసిపోతాడు. మీగడ రంగు వేయండి."

మీగడ రంగు మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది ఆయనకు. మూడేళ్లుగా ఇంట్లోనే విన్నాడని గోడ సగం పూర్తయ్యాక గుర్తొచ్చింది. సగం గోడ వదిలేస్తే పోటీకి పనికిరాదు. పూర్తి చేశాడు.

మర్నాడు మీగడ రంగు బావమరిదికి దీపం పెడితే ఎడమ చెంప పచ్చబడింది.

"వీడికి కామెర్లా?"

"పక్క గోడ పసుపు కదండీ, వెలుతురు దాని మీద పడి వీడి మీదికొస్తోంది."

ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు. అందుకే పక్క గోడకూ వేశాడు. తర్వాత కుడి గోడకు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, పైకప్పుకు.

గడువు రోజుకు హాలంతా మీగడ. రెండువైపులా సమానంగా రెండు దీపాలు, ఎక్కడా నీడ లేదు.

"ఒకటి ఆర్పండి" అందావిడ. "ముక్కు నీడైనా పడకపోతే మావాడున్నాడని ఎవరికి తెలుస్తుంది?"

"ఇరవై ఏళ్లుగా దీపాలు పెడుతున్నవాణ్ని. నాకు చెప్తావా? ఒరేయ్, కళ్లు మూసుకో!"

తీశాడు. కెమెరాలో చూస్తే మనిషి లేడు. గోడలకూ పైకప్పుకూ రంగులేసిన అలసటకు స్టూలు మీద కూర్చుని గోడకు జారబడ్డాడు. చెవి నుంచి చెప్పు దాకా ఆయనా మీగడ రంగే. ఆవిడ దీపాలార్పి, కిటికీ తెరిచి, ఫోను తీసింది.

"ఏం చేస్తున్నావ్?"

"గోడ ఫొటో తీసుకుంటున్నానండీ."

వారానికి సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. "పొరపాటున ఖాళీ గోడ పంపారండీ."

"అందులో మా బావమరిది ఉన్నాడు!"

"ఎక్కడ?"

నవ్వకండిగారు తన ఫొటోలోనే తాను అరగంట వెతికాడు. "ఒరేయ్, ఎక్కడ నిలబడ్డావురా?"

"మధ్యలోనే బావా. ఊగానేమో కూడా."

మొదటి బహుమతి మాత్రం ఆ ఇంటికే వచ్చింది, ఆవిడ పేరు మీద. కిటికీ వెలుతురు ఒకవైపు నుంచి పడుతుంటే, మీగడ గోడలోంచి మీగడ మనిషి ఒకడు స్టూలు మీద నోరు తెరుచుకుని దిగాలుగా చూస్తున్నాడు.

ఓడినా పెద్దమనసు చేసుకుని, ఆయనే ఫొటోకు అద్దం కట్టించి సుత్తి పట్టుకొచ్చాడు.

"కొత్త గోడకు మేకు కొడతారా?" అని ఆవిడ సుత్తి లాక్కుంది.

దాంతో అది స్టూడియోలో, స్టూలుకు ఎదురుగా వెలిసింది. అద్దం మెరిసి ఏమీ కనిపించకుండా ఉండాలని ఆయన దాని మీదికి రెండు దీపాలు తిప్పాడు. భోజనం తెచ్చిన ఆవిడ వెళ్తూ వెళ్తూ ఒకటి ఆర్పేసింది.

ఇప్పుడు స్టూలెక్కిన ప్రతివాళ్లూ ఎదురుగా చూస్తారు, పక్కనున్న ఆయన్ని చూస్తారు, మళ్లీ ఎదురుగా చూస్తారు.

"నవ్వకండి" అంటాడాయన.

ఎవరూ వినడం లేదు.