కదలని గ్రహం

…అసలు కళ్ళు మూసుకున్నవాడు చూడటం లేదని ఎవరు తేల్చారు? ఆలోచించేవాడు మూసుకోడా? పాట వినేవాడు మూసుకోడా? మా హాల్లో గోడ నిండా ఫొటోలున్నాయి. పెళ్ళినాటిది, ఈ ఇంట్లో దిగిననాటిది, సముద్రపు ఒడ్డున తీసుకున్నది. అన్నింట్లోనూ మా ఆవిడ కళ్ళు విప్పారి ఉంటాయి. నావి మూతపడి ఉంటాయి. మొదటిసారి మా ఇంటికి వచ్చినవాళ్ళు ఆ గోడ ముందు ఆగి, నా మొహం చూసి, మా ఆవిడ వైపు జాలిగా తిరుగుతారు. ఒకాయన, "ఎప్పుడు పోయారమ్మా?" అని అడిగేశాడు. ఆయనకి కాఫీ అందిస్తున్నది నేనే.

ఆ ఫొటోలన్నీ మా బావగారు తీశారు. మా ఆవిడకి స్వయానా అన్నయ్య. ఫొటో స్టూడియో నడుపుతారు. మంచి మనిషే. కానీ ఆయన "రెడీ" అనడానికీ మీట నొక్కడానికీ మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. నా మనసు సరిగ్గా ఆ ఖాళీలోకి జారిపడుతుంది. ఇప్పుడు నేనెలా కనిపిస్తున్నాను, నాకు నేనెలా కనిపిస్తున్నానో వీళ్ళకి తెలుస్తోందా, తెలిస్తే ఏమనుకుంటారు అని ఆలోచిస్తాను. ఆలోచిస్తే కళ్ళు మూసుకుంటాయి. క్లిక్.

అందుకని ఆ గోడ మీద ఒక్క ఫొటో, ఒకే ఒక్కటి, నేను తీసింది ఉండాలనుకున్నాను. మనుషుల్ని తీస్తే బావగారితో పోటీ. ఆయన కెమెరా అందుకోలేని దాన్ని తీయాలి. అలా నా చూపు ఆకాశం మీద పడింది.

పెద్ద పెట్టె ఇంటికి రాగానే మా ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏంటండీ ఈ గొట్టం?"

"టెలిస్కోపు."

"ఎవరింట్లోకి చూద్దామని?"

"శనిగ్రహాన్ని ఫొటో తీస్తాను. వలయంతో సహా."

"ఇంట్లో ఉన్నది చాలక పైనుంచి కూడా తెచ్చుకోవాలా?"

"నీకు తెలియదు. ఇది మనశ్శాంతి కోసం."

"మీకు మనశ్శాంతి కరువైందని నాకు నిజంగానే తెలియదు. మధ్యాహ్నం కూడా గురక వినిపిస్తుంది."

నేను మనస్తత్వం గురించి లావు పుస్తకాలు చదివినవాణ్ణి. ఎదుటి మనిషి ఎగతాళి వెనక భయం ఉంటుందని నాకు తెలుసు. ఆవిడ భయమేమిటో మాత్రం ఇంతవరకూ అంతుబట్టలేదు.

అసలు గొడవ బట్టల తాడు దగ్గర వచ్చింది. పెరట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తాడు ఉండేది. దాని మీద ఒక్క దుప్పటి వేస్తే చాలు, తూర్పు దిక్కు మొత్తం మాయం.

"తాడు తీసెయ్యాలి," అన్నాను.

"ఆకాశం అంత పెద్దది కదా. దాన్నే కాస్త పక్కకి జరగమనండి."

బేరం చాలాసేపు నడిచింది. చివరికి ఒప్పందం కుదిరింది. వాళ్ళ అన్నయ్య మా ఇంటికి భోజనానికి వచ్చే రోజు దాకా గడువు. ఆ లోపల ఈ పెరట్లోంచి ఒక గ్రహం ఫొటో వస్తే దానికి హాలు గోడ నడిమధ్య చోటు. రాకపోతే తాడు మళ్ళీ కట్టాలి, గొట్టం అటకెక్కాలి, ఇక ఈ జన్మలో గ్రహాల మాట ఎత్తకూడదు.

తాడు దిగింది. బట్టలు నా చదువుకునే గదిలోకి వచ్చాయి. మనసు లోతుల గురించి రాసిన పుస్తకాల మీద నా బనియన్లు ఆరాయి. విజ్ఞానం చెమ్మగిల్లింది. నేను ఓర్చుకున్నాను.

గ్రహాన్ని ఫొటో తీయడం అంటే మీరు అనుకునేంత తేలిక కాదు. కష్టపడి గొట్టాన్ని దాని మీదికి తిప్పుతామా, అది నిలవదు. మన భూమి తిరుగుతూ ఉంటుంది కదా, చూస్తుండగానే చుక్క తెరలో ఈ చివర నుంచి ఆ చివరకి జారి బయటికి పోతుంది. అప్పిచ్చినవాడు ఎదురైనట్టు. మళ్ళీ వెతకాలి, మళ్ళీ పట్టాలి. పట్టినా అది మరిగే నీళ్ళ అడుగున ఉన్నట్టు వణుకుతుంది. అది గాలి చేసే పని. అందుకని ఒక్క ఫొటో తీసి లాభం లేదు. వీడియో తీయాలి. అందులోని వేల బొమ్మల్లో వణకని కొన్నింటిని ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చితే కంప్యూటరు అన్నింటినీ కలిపి ఒక స్పష్టమైన బొమ్మ ఇస్తుంది.

ఇదంతా మా ఆవిడకి వివరంగా చెప్పాను. ఆవిడ దిండు గలీబు మడతపెడుతూ విన్నది.

"అంటే వేల బొమ్మల్లో మంచివి మాత్రమే ఏరుకుంటారు."

"అవును."

"గ్రహాలకి మాత్రమే ఈ మర్యాదా? మనుషుల విషయంలో చెడ్డవే ఏరి పేరుస్తారు కదా మీరు."

సమాధానం నాకు ఆఫీసుకి వెళ్ళాక తట్టింది. అక్కడ దాన్ని వినేవాళ్ళు లేరు.

నా ఉద్యోగం గురించి ఇక్కడ చెప్పాలి. నాది బీమా కంపెనీ. గుద్దుకున్న కార్ల ఫొటోలు నా బల్ల మీదికి వస్తాయి. ఏ సొట్ట నిన్నటిది, ఏ సొట్ట నిరుడు గేటుకి రాసుకున్నది, ఏ అద్దాన్ని సుత్తితో కొట్టి కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు అన్నది నేను తేల్చాలి. నీడ పడిన తీరు చూసి అబద్ధం పట్టేస్తాను. ఆఫీసులో నన్ను డేగ అంటారు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

ఈ డేగ రోజూ సాయంత్రం ఇంటికి రాగానే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, గొట్టం చివర కన్ను పెట్టి చూసే గాజు తీసి అక్కడ చిన్న కెమెరా బిగించి, పక్కన కంప్యూటరు తెర ముందు కూర్చునేవాడు. దూరంగా ఉన్న చుక్క ఒకటి చూసి, అది సూదిమొనలా కనిపించేదాకా ఫోకసు మరను తిప్పి, తర్వాత ఎవరూ తాకకుండా దాని మీద టేపు అంటించాను. అది నేను గర్వపడిన పని. గుర్తుంచుకోండి.

మా పెరటి గోడకి అవతలి వీధిలో ఉండే ట్యాంకు మాస్టారు ఆ రోజుల్లోనే ఒకసారి గోడ మీదుగా నన్ను పిలిచారు. రిటైరైన మనిషి. మేడ మీది నీళ్ళ ట్యాంకు నుంచి ఒక్క చుక్క పొర్లకూడదన్నది ఆయన జీవితాశయం. దానికోసం కొత్తగా ఏదో అమర్చారట. ఎంతోసేపు చెప్పారు. నేను తల ఊపాను. వినడం ఒక కళ. నేను వినకుండానే అందులో రాణిస్తాను.

తర్వాత ఒక సాయంత్రం, ఇంకా చీకటి చిక్కబడకముందే, తూర్పున ఇళ్ళ కప్పుల మీద గొట్టాన్ని మెల్లగా కదుపుతుంటే తెర మీదికి వచ్చింది.

వలయం.

లేత పసుపు రంగులో, నిండుగా, గుండ్రంగా. అన్నింటికన్నా ఆశ్చర్యం ఏమిటంటే అది పారిపోలేదు. చూస్తున్నాను, అక్కడే ఉంది. వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను, అక్కడే ఉంది. ఇన్నాళ్ళ నా ఏకాగ్రతకి ఆకాశం లొంగిందనుకున్నాను. తృప్తిగా వీడియో తీశాను. వణకనివి ఏరాల్సిన పని కూడా లేకపోయింది. ఏదీ వణకలేదు.

కాసేపటికి ఉన్నట్టుండి ఆరిపోయింది. మబ్బు అనుకున్నాను.

శనికి వలయం మధ్యలో బంతి ఉండాలి కదా అని మీరంటారు. నా బొమ్మలో మధ్యన నల్లటి సున్నా ఉంది. ఆ సందేహం నాకూ వచ్చింది. గట్టిగా వచ్చింది. బంతి నీడలో పడి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఏ నీడ, దేని నీడ అని అడగలేదు. అదే బొమ్మ ఆఫీసులో నా బల్ల మీదికి వస్తే చూసీ చూడగానే తిప్పి పంపేవాణ్ణి. మనసు పరాయివాళ్ళ దగ్గర ఆధారాలు అడుగుతుంది. మన దగ్గరికి వచ్చేసరికి ఖాళీ కాగితం మీదే సంతకం పెట్టేస్తుంది.

మా ఆవిడ బొమ్మని ఎత్తి పట్టుకుని చూసింది.

"ఏంటిది, కుళాయి వాషరా?"

"శని."

"ఎక్కడ కనిపించింది?"

"అదిగో, ఆ కొబ్బరిచెట్టుకి ఎడమ పక్క, కప్పులకి కాస్త పైన."

ఆవిడ అటు చూసింది. నన్ను చూసింది. మళ్ళీ అటు చూసింది.

"రోజూ వస్తుందా?"

"చెప్పలేం. ఆకాశం దయ. ఒక్కోరోజు సాయంత్రమే వచ్చి వెళ్ళిపోతుంది."

"ఓహో." పెదవి కొరుక్కుంది. "బాగుందండీ. పెద్దది చేయించండి, ఫ్రేము కట్టించండి. అన్నయ్య వచ్చిన రోజు ఆయన చేతే గోడకి పెట్టిద్దాం. అసలుది కూడా గొట్టంలో చూపించండి. లేకపోతే నమ్మడు."

మా కాపురంలో ఆవిడ ఒక్క మాటకి ఒప్పుకున్న సందర్భం అంతకుముందు లేదు. అనుమానించాల్సింది. కానీ పొగడ్త విన్న మనిషి మెదడు ఎండలో పెట్టిన వెన్న. అది కూడా పుస్తకాల్లోనే చదివాను, కొద్దిగా వేరే మాటల్లో.

అనుకున్న రోజు బావగారు కెమెరా మెడలో వేసుకుని వచ్చారు. పొద్దు గుంకగానే పెరట్లో కుర్చీలు వేశాను. ఫ్రేము మీద తువ్వాలు కప్పి బల్ల మీద పెట్టాను. గ్రహాల గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. బావగారు బుద్ధిగా విన్నారు. తర్వాత గొట్టాన్ని కొబ్బరిచెట్టుకి ఎడమ పక్కకి తిప్పాను.

తెర నల్లగా ఉంది.

"మబ్బు," అన్నాను.

బావగారు తలెత్తి చూశారు. మబ్బు తునక కూడా లేదు. చుక్కలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి.

"పల్చటి మబ్బు. మామూలు కంటికి ఆనదు."

"పోనీలెండి బావగారూ, ఇంకోసారి చూద్దాం," అన్నారాయన. ఆ మంచితనమే నన్ను చంపింది.

"ఇంకోసారి ఎందుకన్నయ్యా?" మా ఆవిడ లేచింది. "ఉండు, నేను రప్పిస్తాను."

గోడ దగ్గరికి వెళ్ళి కొంగు బిగించి కేక వేసింది. "మాస్టారూ, ఒకసారి మోటారు వేస్తారా?"

అవతలి మేడ మీంచి గొంతు వినిపించింది. "ఎందుకమ్మాయ్? ట్యాంకు దాదాపు నిండే ఉంది."

"కాస్త వెలితి ఉంది కదా. నింపండి, పనుంది."

గుర్రుమని మోటారు మొదలైంది. మేము ముగ్గురం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. నా లోపల ఎక్కడో, నాకన్నా తెలివైనవాడొకడు లేచి చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఉన్నట్టుండి తెర మీద లేత పసుపు వలయం వెలిగింది.

"వచ్చింది బావగారూ," అన్నారు బావగారు మెల్లగా.

"నిండింది అమ్మాయ్," మాస్టారి గొంతు. "మోటారు దానంతటదే ఆగి లైటు వెలిగింది. ఇక స్విచ్చి ఆపేస్తున్నా. చూశారా, ఒక్క చుక్క పొర్లలేదు. ఆ రోజు మీ ఆయనకి అంతా వివరంగా చెప్పాను."

స్విచ్చి టక్కుమంది. శని అస్తమించాడు.

బావగారు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఫోకసు మర మీది టేపు చూసి, "దూరపు చుక్కకి పెట్టిన ఫోకసు కదండీ," అన్నారు. "దగ్గరి దీపాన్ని చూస్తే ఇలాగే చెదిరి వలయంలా వస్తుంది. మధ్యలో నలుపు గొట్టంలో ఉన్న చిన్న అద్దం నీడ. పరవాలేదు, మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్ళూ ఇలాగే చేస్తారు."

అప్పుడు నేను కళ్ళు పెద్దవి చేసి ఆ ఆరిపోయిన దీపం వైపు చూస్తున్నాను. క్లిక్‌మంది.

ఆయన కెమెరా వెనక్కి తిప్పి చూసుకుని, "బావగారూ," అన్నారు, "ఇన్నాళ్ళకి మీ కళ్ళు తెరుచుకున్నాయి."

"గొట్టం అటకెక్కిస్తాను," అన్నాను.

"ఎందుకు?" అంది మా ఆవిడ. "ఈ పెరట్లోంచి గ్రహం ఫొటో వస్తే చోటు అన్నాను కానీ మీరే తీయాలని అనలేదుగా."

ఫోను తీసి అన్నయ్య చేతిలో పెట్టింది. ఆయన దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూశారు. తర్వాత నాకు అందించారు. నల్లటి ఆకాశంలో గోరంత బంతి, దాని చుట్టూ సన్నటి వలయం. బంతికీ వలయానికీ మధ్య సందు కూడా కనిపిస్తోంది.

"ఎప్పుడు తీశావు?"

"మీరు లోపల ఆ వాషర్ని ముస్తాబు చేస్తున్న సాయంత్రాల్లో. ఆరేసిన బట్టలు తీసే పని లేదుగా, తీరిక దొరికింది. టేపు పీకి, మీ కెమెరా తీసి కంటిగాజు బిగించి, ఫోను దానికి ఆనించి పట్టుకున్నా. తర్వాత అన్నీ మీరు పెట్టినట్టే పెట్టేశా."

"అదే శని అని ఎలా తెలిసింది?"

"కదలకుండా ఉంటే దీపమని తెలుస్తూనే ఉంది. కదిలే చుక్కల్లో మినుకుమననిది ఒకటి కనిపించింది. దాన్ని పట్టుకున్నా. పారిపోయేది. మళ్ళీ పట్టుకున్నా. పారిపోయేవాళ్ళని వెతికి పట్టుకోవడం నాకు అలవాటే కదా. పెళ్ళైన దగ్గర్నుంచీ అదే పని."

"తాడు తీయించింది దండగన్నమాట."

"వంటింటి మెట్టు మీంచి చూస్తే తాడు అడ్డం రాదు. మీరు అడిగి ఉంటే చెప్పేదాన్ని."

బావగారు సాయం పట్టారు. నేను స్టూలెక్కి తాడు మళ్ళీ కట్టాను. ఈలోగా ఆవిడ గొట్టాన్ని మెట్టు మీదికి మార్చి, నా కెమెరా తీసి కంటిగాజు పెట్టి, ఇటు కాస్త అటు కాస్త తిప్పి, మర సవరించింది. చేతులు అలవాటైన పని చేస్తున్నట్టు కదిలాయి. నా చేతులు ఎప్పుడూ అలా కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది: ఇన్నాళ్ళూ తెర చూశాను, బొమ్మలు ఏరాను, పేర్చాను, ఫ్రేము కట్టించాను. ఆ గొట్టానికి నా కన్ను మాత్రం ఒక్కసారీ ఆనించలేదు.

"రండి," అంది. "పోకముందే చూడండి."

"ఎలా చూడాలి?"

"ఒక కన్ను మూసుకోవాలి. అది మీకు బాగా వచ్చు. రెండోది తెరవండి చాలు."

కళ్ళజోడు తీసి ఆవిడ చేతికిచ్చాను. వంగి, కుడి కన్ను తెరిచాను.