శిలాసురుడికి మొదటి దెబ్బ

రొద్దం మండలం బొమ్మగానిపల్లి గ్రామస్తులకు తెలియజేయడమేమనగా, వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు ‘ఖడ్గలోకం’ అనబడు ఫోను ఆటలో మన ఊరి తరఫున శిలాసురుడు అను రాక్షసుడు సంహరింపబడును. సంఘ సభ్యులు ఇరవైమందీ ఫోన్లకు నిండా చార్జింగు పెట్టుకుని, స్నానాలు చేసి, పెనుకొండలోని కల్యాణ మంటపానికి హాజరు కావలెను. ఇట్లు, పెద్దింటి సుబ్బరాయుడు, సంఘాధ్యక్షులు, నాలుగో లెవెల్.

ఈ కాగితాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించినప్పుడు ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒక రాక్షసుణ్ణి చంపడానికి ముందు నోటీసు ఇవ్వడం మర్యాదగల ఊళ్లలో జరిగే పనే.

అసలు సంగతి చెప్పాలంటే తాంబూలం దగ్గర మొదలుపెట్టాలి. బొమ్మగానిపల్లిలో పెళ్లయినా, పంచాయతీ అయినా, ఊరి దేవర జాతర అయినా మొదటి తాంబూలం పెద్దింటి వాళ్లది. రెండోది వెంకటేశ్వర్లు ఇంటిది. ఇలా పద్దెనిమిది ఇళ్ల దాకా వరస ఉంది. పందొమ్మిదో ఇంటి దగ్గరికి వచ్చేసరికి వక్కలు అయిపోతాయి. ఎన్ని కిలోలు తెచ్చినా సరిగ్గా అక్కడే అయిపోవడం ఆ ఊరి వక్కల ప్రత్యేకత.

సుబ్బరాయుడికి యాభై తొమ్మిదేళ్లు. వరసలో ముందు నిలబడడం తప్ప ఇంకో పని చేయాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు, ఆ పని మాత్రం చాలా శ్రద్ధగా చేశాడు. అలాంటి మనిషి ఒకరోజు టీ అంగడికి వస్తే బెంచీ మీద ఉన్నవాళ్లు ఎవరూ లేవలేదు. వెనకాలే గొర్రెలు తోలుకుంటూ పందొమ్మిదో ఇంటి చిన్నక్క వచ్చింది. ముగ్గురు లేచి నిలబడ్డారు. విచారిస్తే తేలిందేమంటే, గొర్రెలు మేస్తున్నంతసేపూ ఆమె ఖడ్గలోకం ఆడుతుంది, అందులో ఆమెది డెబ్బై ఒకటో లెవెల్.

సుబ్బరాయుడు తిన్నగా ఇంటికొచ్చి, సచివాలయంలో ఉద్యోగం చేసే కూతురు ధరణి చేత తన ఫోనులోనూ ఆ ఆట వేయించుకున్నాడు. తెర మీద చిరిగిన చొక్కాతో, కట్టె కత్తి పట్టుకుని ఒక మనిషి నిలబడ్డాడు.

“ఎవురమ్మా వీడు?”

“నువ్వే నాయనా.”

“నేనా? ఇంటిపేరు రాయలేదా నువ్వు?”

“రాస్తి. రాసినా ఇదే చొక్కా ఇస్తారు. అందురికీ ఇదే.”

“వెంకటేశ్వర్లుకు గూడానా?”

“అందురికీ నాయనా.”

వెంకటేశ్వర్లుకు కూడా చిరిగిన చొక్కాయే అని తెలిశాక ఆయనకు కొంచెం ఊరట కలిగింది. కానీ చిన్నక్క కూడా అదే చొక్కాతో మొదలుపెట్టి, ఇప్పుడు వెండి కవచం, రెక్కల గుర్రం దాకా పోయిందంటే మాత్రం అన్నం సహించలేదు.

వెంటనే గ్రామపెద్దలు సమావేశమై ఆట గుణదోషాలను పరిశీలించి నివేదిక తయారుచేశారు. పోరాటం దివ్యంగా ఉందని అందరూ ఒప్పుకున్నారు. ఊరికే నొక్కి కూర్చుంటే కుదరదు, దెబ్బ ఎటు నుంచి వస్తుందో కనిపెట్టి పక్కకు దూకాలి, గురి చూసి కొట్టాలి, అంతా వేళ్ల మీద ఉంది. పైగా ఆట ఉచితం. సంచిలో పన్నెండు వస్తువులు పడగానే నిండిపోయిందని, పెద్ద సంచికి దుడ్లు కట్టమని కంపెనీ అడగడం ఒక లోపం. ఒకే పనికి నలభై నక్కల్ని చంపమనడం ఇంకో లోపమని రాయబోతే, ఇద్దరు రైతులు అడ్డుపడ్డారు. చెప్పినంత పని చేస్తే చెప్పినంత ఫలితం అక్కడికక్కడే చేతిలో పెట్టే చోటు తమకు ఈ జన్మలో ఇదొక్కటే తగిలిందని, దాన్ని బలాల కింద రాయాల్సిందేనని పట్టుబట్టారు. వేరుశనగ వేసినవాళ్లు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

చివరికి సుబ్బరాయుడు లేచి గొంతు సవరించుకుని, ఈ ఆటలోని ప్రధానమైన, క్షమించరాని లోపం అందరినీ ఒకటో లెవెల్‌లో పుట్టించడమేనని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. ఆ లోపాన్ని సరిదిద్దే బాధ్యత ఊరే తీసుకోవాలని తీర్మానించి, ఆటలో ఒక సంఘం పెట్టి, నాలుగో లెవెల్ మనిషిని ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేశారు. పద్దెనిమిది ఇళ్లకు పద్దెనిమిది మంది. సంఘానికి ఇరవైమంది ఉండాలని కంపెనీ నిబంధన కాబట్టి పందొమ్మిదో సభ్యురాలిగా చిన్నక్కనూ, ఇరవయ్యోవాడిగా ఆమె కొడుకు అనిల్ కుమార్‌నూ చేర్చుకున్నారు.

అప్పుడే వెంకటేశ్వర్లు మీసం మీద చెయ్యి వేశాడు. “ఏమప్పా సుబ్బరాయుడూ, పెనుకొండకూ హిందూపురానికీ ధర్మవరానికీ ఆదివారం పోటీ పెట్టిండారంట. పెనుకొండ తరఫున ఆడేది మన సంఘమేనంట. శిలాసురున్ని ఎవురు ముందు చంపితే వాళ్లదే కోట. నీ పెత్తనంలో గెలిస్తే ఈ తూరి దేవరలో మొదటి తాంబూలం నీదే. ఓడిపోతే మాది. సరేనా?”

అంతమందిలో కాదనడం ఎలా? సుబ్బరాయుడు సరే అన్నాడు. ఆ వారం రోజులూ ఆయనకు కంటిమీద కునుకు లేదు. నాలుగు తరాలుగా ముందు వరసలో ఉన్న ఇల్లు తన చేతుల్లో రెండో వరసకు పోతే, చచ్చాక పైన తాతకు ఏ మొహం చూపించాలన్నదే ఆయన దిగులు. ఆ దిగులు నిజమైనది. దాన్ని చూసి నవ్వేవాళ్లు నవ్వవచ్చు.

ఆషాఢం కావడం వల్ల కల్యాణ మంటపం ఖాళీగా ఉంది. ఊళ్లో సిగ్నల్ ఇరవైమంది ఒకేసారి ఆడడానికి చాలదు, ఇక్కడ వైఫై ఉందని ఇంత దూరం వచ్చారు. వేదిక మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే కుర్చీల్లో సుబ్బరాయుడు, వెంకటేశ్వర్లు కూర్చున్నారు. మిగిలిన ఇళ్ల వాళ్లు వరస ప్రకారం ముందు కుర్చీల్లో సర్దుకున్నారు. చిన్నక్కనూ కొడుకునూ భోజనాల గది తలుపు దగ్గర నిలబడమన్నారు. వైఫై పెట్టె ఆ తలుపు మీదే ఉందన్న సంగతి పెద్దలెవరూ గమనించలేదు.

పది గంటలకు శిలాసురుడు కొండ చీల్చుకుని వచ్చాడు. జట్టుకు మూడు ప్రయత్నాలే ఉంటాయి. పద్ధతి తెలిసిన ఊరు కాబట్టి పందొమ్మిది మంది కత్తులు దించి పక్కకు జరిగారు. మొదటి దెబ్బ మొదటి ఇంటిది.

సుబ్బరాయుడు రాక్షసుడి ముందుకు నడిచి, ఫోనును నోటి దగ్గర పెట్టుకున్నాడు. “గౌరవనీయులైన సంఘ సభ్యులారా, ఈ శుభసమయంలో మా ఇంటికి ఈ అవకాశం కల్పించిన—” అంతే. శిలాసురుడికి సభా మర్యాద తెలియదు. ఒక్క గద దెబ్బకు అధ్యక్షుడూ, ఆయన వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ పద్దెనిమిది మందీ నేలకూలారు. చిన్నక్క ఒక్కతే పక్కకు దూకి బతికింది కానీ, వంతు రాకుండా కొట్టకూడదని ఊరికే నిలబడింది. గడువు అయిపోయింది.

రెండో ప్రయత్నంలో వెంకటేశ్వర్లు ఒక ధర్మసందేహం లేవదీశాడు. మొదటి వంతు అయిపోయింది కాబట్టి ఇప్పుడు వంతు రెండో ఇంటిదన్నాడు. దెబ్బ వేయలేదు, తిన్నాం, తిన్నది లెక్కలోకి రాదు అన్నాడు సుబ్బరాయుడు. ఈ వాదన మధ్యలో గద ఆయన మీదికి వచ్చింది. ఎలా జరిగిందో ఆయనకే తెలియదు, బొటనవేలు దానంతట అదే కదిలి ఆయన బొమ్మ పక్కకు దొర్లింది. గద బండను పగలగొట్టింది. సుబ్బరాయుడు బతికే ఉన్నాడు.

“భలే తప్పించుకుంటివయ్యా!” తలుపు దగ్గర నుంచి చిన్నక్క అరిచింది.

ఆయనకు ఇంతవరకూ దండాలు చాలా వచ్చాయి. చేసిన పనికి మెచ్చుకోలు రావడం ఇదే మొదటిసారి. ఇంకోసారి అంటుందేమోనని తలుపు వైపు చూశాడు. తనకు కలిగింది సంతోషమని తెలుసుకునేలోపు రెండో గద తగిలి మళ్లీ పోయాడు.

ఈలోగా అనిల్ కుమార్ పక్క జట్ల వార్తలు తెచ్చాడు. హిందూపురం వాళ్లు మహా బాగా ఆడుతూ, సగం మంది బెంగళూరు పోయే రైల్లో ఉండడం వల్ల టవర్ పోయి రాలిపోయారు. ధర్మవరం వాళ్లు ఆటలో దొరికే జరీ అంచు బట్టలన్నీ కొని వేసుకుని, యుద్ధంలో నలుగుతాయని ఇంకా దూరంగానే నిలబడి ఉన్నారు. కోట ఎవరిదీ కాలేదు.

మూడో ప్రయత్నంలో ఐదు నిమిషాలకే పద్దెనిమిది ఇళ్లూ వరస తప్పకుండా చచ్చాయి. అనిల్ కుమార్ కూడా పోయాడు. చిన్నక్క ఒక్కతే గద కింద నుంచి అటూ ఇటూ దూకుతోంది.

“ఎట్లమ్మా తప్పించుకుంటాండావు?” అడిగాడు సుబ్బరాయుడు.

“నలభై ఏండ్లుగా పొట్టేళ్లు కుమ్మకుండా తప్పించుకుంటాండానయ్యా. ఇది గూడా తల దించినాకే వస్తాది. ఇంతకీ నా వంతు వచ్చిందా, రాలేదా?”

చచ్చినవాళ్లు సమావేశమయ్యారు. ఆమె కొట్టకూడదు, ఆచారం పోతుంది అన్నాడు వెంకటేశ్వర్లు. ఓడిపోతే తాంబూలం ఆయనది కాబట్టి ఆచారం మీద ఆయనకు భక్తి పెరిగింది. సుబ్బరాయుడు లేచి నిలబడి, “నాలో నిక్షిప్తమైన అధికారాలను అనుసరించి, మా ఇంటి తరఫున, మా ప్రతినిధిగా—” అని ఉత్తర్వు మొదలుపెట్టాడు. ఉత్తర్వు సగంలో ఉండగానే శిలాసురుడు కూలిపోయాడు.

పెనుకొండ గెలిచింది. తెర మీద బంగారు అక్షరాల్లో ‘చిన్నక్క’ అని వెలిగింది. ఆ తర్వాత జరిగింది ఎవరూ ఊహించనిది. అందరికంటే ఎక్కువ పోరాడినవాళ్లకు మిగతా జట్టంతా నడుం వంచి దండం పెట్టడం ఆ ఆటలో పద్ధతి. ముప్పై సెకన్లు. ఆపడానికి మీట లేదు. చచ్చిన పద్దెనిమిది ఇళ్ల బొమ్మలూ లేచి, చేతులు జోడించి వంగాయి. సుబ్బరాయుడు ఫోనును తలకిందులు చేసి చూశాడు. అప్పుడు చిన్నక్క బొమ్మ కింద కనిపించింది కానీ, దండం మాత్రం ఆగలేదు.

ఆ వీడియో సాయంత్రానికి ముదిగుబ్బ దాకా పోయింది.

“దండం పెట్టినోనికి మొదటి తాంబూలమా?” అన్నాడు వెంకటేశ్వర్లు. మాట బాగుంది కానీ ఆయనా పెట్టాడు. ఆ లెక్కన చూస్తే ఊళ్లో తాంబూలానికి అర్హత మిగిలిన పెద్దమనిషి ఒక్కరూ లేరు, చిన్నక్క తప్ప. ఈ సత్యం తోచగానే పద్దెనిమిది ఇళ్ల మధ్య ఎన్నడూ లేని ఐకమత్యం కుదిరింది. వంగింది బొమ్మ గానీ మనిషి కాదని తీర్మానం చేసి, దేవరలో మొదటి తాంబూలం సుబ్బరాయుడికే ఇచ్చేశారు. చిన్నక్కను ఎవరూ అడగలేదు. అడిగినా ఆ రోజు ఆమె గొర్రెలకు మందు తాపుతూ ఉంది.

తాంబూలం దక్కినా సుబ్బరాయుడి మనసు కుదుటపడలేదు. ఆటలోకి పోయిన ప్రతిసారీ ఎవరో ఒకరికి వంగాల్సి వస్తోంది. ఇలాంటి బాధ దేశమంతటా పెద్దమనుషులకు ఉందని కంపెనీ కనిపెట్టింది. నెల తిరక్కుండా ‘గౌరవ ప్యాక్’ అని ఒకటి అమ్మకానికి పెట్టింది. అది కొన్నవాళ్ల బొమ్మ ఎవరికీ వంగదు. కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది. కొన్నవాళ్లకు ఇతర ఆటగాళ్ల మెచ్చుకోళ్లు ఇకమీదట చేరవు.

సుబ్బరాయుడు ఆ అక్షరాలను రెండుసార్లు చదివాడు. బొటనవేలు కాసేపు గాలిలో ఆగింది.

“నాయనా, బాగా ఆలోచించుకో. మళ్లా తీసేయనీక కాదు,” అంది ధరణి.

ఆయన ఆలోచించుకునే నొక్కాడు. మిగతా పదిహేడు ఇళ్లూ మధ్యాహ్నంలోగా నొక్కాయి. పెద్ద సంచి కొనని వాళ్లు, గుర్రం కొనని వాళ్లు, ఆటకు ఒక్క రూపాయి పెట్టేది లేదని ఒట్టేసుకున్నవాళ్లు కూడా దీన్ని కొన్నారు. ఆట ఉచితమే. అందులో సమానత్వం కూడా ఉచితంగానే వచ్చింది. మనవాళ్లు డబ్బు కట్టింది దాన్ని తీసేయించుకోవడానికి మాత్రమే.

ఈ ప్యాక్ ఏయే ఊళ్లలో ఎంత అమ్ముడుపోయిందో కంపెనీ ఒక జాబితా ప్రకటించింది. బొమ్మగానిపల్లి పేరు అందులో చాలా కింద ఉంది. పైన ఉన్న ఊళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు, చదువుతున్నవాళ్లు నొచ్చుకుంటారు.