పద్దెనిమిదో స్టాపు

ఉమామహేష్ ప్లాను చాలా చిన్నది. పొద్దున్న ఆరున్నర బస్సెక్కాలి. కూర్మన్నపాలెం నుంచి సబ్బవరం దాకా స్టాపులు లెక్కపెట్టాలి. తొమ్మిదికల్లా తిరిగొచ్చి తన ఇంటర్నెట్ సెంటరు షట్టరు ఎత్తాలి. అంతే.

అది 2008 మే నెల, మంగళవారం. ఇంటర్నెట్‌లో తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉంది. జీతం లేకపోయినా పట్టుదల ఉన్నవాళ్ళు దాన్ని రాస్తుంటారు. విశాఖ సిటీ బస్సుల మీద ఉమామహేష్ రాసిన వ్యాసం ఆదివారం నుంచి వారం రోజులు మొదటి పేజీలో కనబడబోతోంది. ఒక్కటే చిక్కు. సబ్బవరం వెళ్ళే 71ఎస్ రూటులో పదిహేడు స్టాపులని అతను రాస్తే, కాదు పద్దెనిమిదని ఎవరో పాఠకుడు వాదించాడు. సాయిదుర్గ అనే తోటి సభ్యురాలు కింద ఒక్క మాట రాసింది: "సరిచూడండి." ఉమామహేష్ ఆమెను ఎన్నడూ చూడలేదు. అయినా ఆమె ఒక్క మాట రాస్తే అతనికి రెండు రాత్రులు నిద్ర ఉండదు.

తోడుగా బావ అప్పలసూరిని లాక్కొచ్చాడు. అప్పలసూరి స్టీల్‌ప్లాంటులో నైటు డ్యూటీ దిగి, ఇంకా ఖాకీ బట్టల్లోనే ఉన్నాడు.

"నాను పడుకోవాల్రా. స్టాపులు లెక్కెట్టడానికి ఇద్దరేటి?"

"నాను సూత్తాను, నువ్వు రాత్తావు. ఒక్కడే సేత్తే తప్పు జరుగుద్ది బావా."

తప్పు అక్కడే జరిగింది.

అప్పలసూరి ఖాకీ చొక్కా, చేతిలో రాసే అట్ట, స్టాపు రాగానే వాచీ చూసి టైము రాసుకోవడం. మూడో స్టాపు దాటేసరికి కండక్టరు సత్యానికి చెమటలు పట్టాయి. చెకింగువాళ్ళు, సందేహం లేదు.

పన్నెండో స్టాపుకీ పదమూడో స్టాపుకీ మధ్య నల్లమట్టి కల్వర్టు ఉంది. అక్కడ బోర్డు లేదు, షెడ్డు లేదు, డిపో పట్టికలో పేరు కూడా లేదు. అయినా నాలుగేళ్ళుగా ప్రతి బస్సూ అక్కడ ఆగుతోంది. చేపల గంగాలమ్మ బుట్టతో అక్కడే దిగి, పక్కన వెలిసిన కొత్త కాలనీలో అమ్ముకుంటుంది. ఆ రోజు సత్యం గంట తాడు మీద వేసిన చేతిని వెనక్కి తీసేసుకున్నాడు.

"ఓ సత్యం, ఆపవేటి? నా కల్వర్టు ఎల్లిపోతంది."

"ఇక్కడ స్టాపు నేదమ్మా," అన్నాడు సత్యం, అప్పలసూరికి వినబడేలా.

"నిన్న ఉంది కదేటి?"

"నిన్నా నేదు."

ఉమామహేష్ సీట్లోంచి లేచాడు. "ఆపండి. దీన్ని లెక్కలో రాసుకోవాలి."

లెక్క అనే మాట వినగానే సత్యం రెండు చేతులూ జోడించాడు. "సార్, నాను ఎప్పుడూ ఆపనేదు సార్. ఈ ముసిల్దాన్ని నానెప్పుడూ సూడనైనా నేదు."

"నిన్న నా దగ్గిర కానాగంతల సేపలు ఒట్టుకెల్లి, నన్ను సూడనేదా?" అంది గంగాలమ్మ.

సత్యం కిటికీ వైపు తిరిగాడు. బస్సు రెండు కిలోమీటర్ల అవతల ఆగింది. ఉమామహేష్ ఆమెతోపాటు దిగి, తాము ఎవరో, ఏం రాస్తున్నారో, తన షాపు ఎక్కడో అంతా చెప్పాడు. ఆమె విని, బుట్ట నెత్తికెత్తుకుని, ఎండలో వెనక్కి నడిచింది. చేప ఎండకు ఆగదు. కాలనీ చేరేసరికి చేపల మొప్పలు ఎత్తి చూసినవాళ్ళెవరూ కొనలేదు.

బుధవారం అంతకంటే ఘోరం. చెకింగువాళ్ళు దిగారని సత్యం డిపో అంతా చెప్పేశాడు. ఆ రూటులో ఒక్క బస్సూ కల్వర్టు దగ్గర ఆగలేదు. సాయంత్రం ఇంటర్నెట్ సెంటరు గుమ్మంలో గంగాలమ్మ బుట్ట దిగింది, ఖాళీ కాకుండానే.

"నువ్వు రాయడం మొదలెట్టాక బస్సు ఆగడం మానీసింది. నువ్వే మల్లీ రాసి ఆపించు. నాకు ఆ కాలనీ పోతే ఇంకో ఊరు నేదు బాబూ."

ఉమామహేష్ వెంటనే కూర్చుని పద్దెనిమిదో స్టాపు చేర్చాడు. పది నిమిషాల్లో అది మాయమైంది.

"ఆధారం?" అని రాసింది సాయిదుర్గ.

"గంగాలమ్మ గారు. రోజూ అక్కడే దిగుతారు."

"గంగాలమ్మ గారు ముద్రిత ఆధారం కారు."

మళ్ళీ చేర్చాడు. ఆమె మళ్ళీ తీసేసింది. ఏడుసార్లయింది. ఎనిమిదోసారికి అప్పలసూరి మౌసు లాక్కున్నాడు. "ముద్రణ కావాలంటంది కదా. పేపరుకు రాయ్."

ఉమామహేష్ ఉత్తరం రాసి, స్వయంగా పత్రికాఫీసుకెళ్ళి ఇచ్చొచ్చాడు. శుక్రవారం సిటీ పేజీలో వచ్చింది: నల్లమట్టి కల్వర్టు దగ్గర బస్సులు ఆగడం లేదు, వెంటనే ఆపించాలి. ఉమామహేష్ కాలు ఒకచోట నిలవలేదు. పేపరు పట్టుకుని కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి సాయిదుర్గ అప్పటికే వ్యాసాన్ని సరిచేసి ఉంది. "నల్లమట్టి కల్వర్టు వద్ద బస్సులు ఆగవు." పక్కనే పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు.

"బాగా రాసింది," అన్నాడు అప్పలసూరి. "ఇంతకుముందు ఆగుతాదని రుజువు నేదు. ఇప్పుడు ఆగదని రుజువుంది."

శనివారం గంగాలమ్మతో కలిసి ముగ్గురూ డిపోకు వెళ్ళారు. మేనేజరు కొత్తాయన, మర్యాదస్తుడు. విషయమంతా విని, సొరుగులోంచి ఒక ప్రింటు కాగితం తీశాడు.

"ఈ రూటు పాత ఫైలు దొరకడం లేదండి. మా గుమస్తా ఇంటర్నెట్‌లోంచి ఇది తీసిచ్చింది. చూడండి, ఇక్కడ బస్సులు ఆగవని స్పష్టంగా ఉంది. ఆధారంతో సహా."

అది ఉమామహేష్ వ్యాసం.

"సాయిదుర్గా," అని మేనేజరు పక్క గదిలోకి పిలిచాడు, "కొత్త స్టాపుల పట్టిక టైపు అయిందా?"

లోపలికి వచ్చిన ఆమెను చూడగానే గంగాలమ్మ ముఖం విప్పారింది. "నువ్వా అమ్మా. మూడో లైనులో ఇల్లు. వారానికి రెండుసార్లు సేపలు తీసుకుంటావు కదూ?"

ఉమామహేష్ మెల్లగా అడిగాడు. "మీరేనా ఆ సాయిదుర్గ?"

"మీరేనా ఏడుసార్లు చేర్చింది?"

"అక్కడ బస్సు ఆగేదని మీకు తెలుసా?"

"తెలుసండి. నేనూ రోజూ అక్కడే ఎక్కేదాన్ని. బుధవారం నుంచి రెండు కిలోమీటర్లు నడుస్తున్నాను."

"మరి ఎందుకు తీసేశారు?"

"నాకు తెలిస్తే సరిపోదు కదండీ. నియమం అందరికీ ఒకటే."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "పోనీలే. కల్వర్టు కూడా పట్టికలో వేసెయ్యి."

"ఆధారం ఉండాలి సార్."

"ఇంటర్నెట్ ఉందిగా."

"ఇంటర్నెట్‌లో పడాలంటే మన పట్టిక కావాలి సార్."

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. గంగాలమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత బుట్ట ఎత్తి మేనేజరు బల్ల మీద పెట్టి, పైనున్న తడిగోనె తీసేసింది.

"మీ ఇద్దరిలో ముందు ఎవరు రాత్తారో తేల్చుకోండి. అందాకా ఇది ఇక్కడుంటాది."

అవి పొద్దుటి చేపలు, ఇప్పుడు పన్నెండు దాటింది. ఫ్యాను తన పని తాను చేసింది. రెండు నిమిషాల్లో మేనేజరు జేబురుమాలు తీశాడు. నాలుగో నిమిషంలో, "నా మాటే ఆధారం, టైపు చెయ్యమ్మా," అన్నాడు, గుమ్మం బయటి నుంచి. పావుగంటలో పద్దెనిమిది స్టాపుల పట్టిక మీద సంతకం పడింది, ముద్ర పడింది. అది నోటీసు బోర్డుకెక్కగానే సాయిదుర్గ వచ్చి తేదీ, నంబరు నోట్ చేసుకుంది. ఆదివారం పద్దెనిమిది స్టాపులతో వ్యాసం మొదటి పేజీలో వచ్చింది.

సోమవారం పొద్దున్న కల్వర్టు పక్కన కొత్త బోర్డు పాతారు. ఉమామహేష్, అప్పలసూరి ముందే వెళ్ళి దాని కింద నిలబడ్డారు. 71ఎస్ వచ్చింది. లోపల సత్యం దర్జాగా గంట కొట్టాడు. ఇన్నాళ్ళూ గంగాలమ్మ మాట మీద బస్సును కల్వర్టుకు ఆనించి ఆపిన డ్రైవరు, ఇప్పుడది అసలైన స్టాపు గనక, నగరంలో అన్ని స్టాపుల దగ్గరా ఆపినట్టే ఆపాడు. బోర్డు దాటి, దుమ్ము రేపుకుంటూ, రెండు వందల గజాల అవతల.

గంగాలమ్మ దిగి, బుట్ట నెత్తికెత్తుకుని వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. బోర్డు దగ్గర ఆగి, పైకీ కిందికీ చూసింది.

"దీన్ని అక్కడికి జరపమంటే ఎవరికి సెప్పాల?"

ఉమామహేష్ అప్పలసూరి వైపు చూశాడు. అప్పలసూరి అప్పటికే కాలనీ వైపు నడుస్తున్నాడు.

వ్యాసం ప్రకారం మాత్రం బస్సు కల్వర్టు దగ్గరే ఆగుతోంది.