గడప దగ్గరి సంచి

తెల్లవారుజామున ఐదు గంటలకు పాండురంగం సంచి సర్దుకుంటున్నాడు. ఒక తువ్వాలు, ఒక జత బట్టలు, సబ్బు, దువ్వెన, నీళ్ల సీసా, గుప్పెడు వేయించిన శనగలు. పక్క గదిలో శకుంతల నిద్ర నటిస్తూ ఒక్కొక్క వస్తువూ సంచిలో పడే చప్పుడు వింటోంది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ మనిషి ఆరున్నరకు ముందు లేచింది రెండేసార్లు. కూతురు దీప పుట్టిన రోజు ఒకసారి, దుకాణం ముందు మున్సిపాలిటీవాళ్లు కాలువ తవ్విన రోజు ఇంకోసారి.

ఆయన సంగతి మనం ముందే చెప్పుకుంటే నష్టం లేదు. హనుమకొండలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే పాండురంగానికి డాక్టరు షుగరు చీటీ చూసి గడువు పెట్టాడు. ఇరవై ఒక్క రోజులు రోజూ నడవాలి, తీపి ముట్టకూడదు. లేదంటే సూది. గంగాళాలను భుజాన మోసే మనిషి సూది పేరు వింటే చిన్నపిల్లాడైపోతాడు. ఫోను వీడియోల్లో అలవాట్ల గురించి చెప్పే ఒకాయన ఉపాయం చూపించాడు. సంచి ఎప్పుడూ సర్దేసి గడప దగ్గరే ఉంచాలి, రోజూ ఒక పుస్తకంలో రాసుకోవాలి, ఇరవై ఒక్క రోజులు నిండేదాకా ఎవరికీ చెప్పకూడదు.

ఆ మూడో షరతు పాండురంగానికి బాగా నచ్చింది. ఎందుకంటే ఆయన యోగా చాప మీద ఇప్పుడు వడియాలు ఎండుతున్నాయి. కదలని సైకిలు మీద శకుంతల జాకెట్లు ఆరుతున్నాయి. రోజూ పొద్దున తాగుతానన్న మెంతుల నీళ్లు కరివేపాకు చెట్టు తాగింది. ఆ మూడు సంగతులూ వాడకట్టంతా శకుంతల నోటనే విన్నది. అందుకే షుగరు మాట కూడా ఇంట్లో ఎత్తలేదు.

ఇక శకుంతల సంగతి. ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు పెద్దన్న సారంగపాణి భుజాన సంచి వేసుకుని గడప దాటుతుంటే, వెనక నుంచి "అన్నా, ఎటు పోతానవ్?" అని అడిగింది. బయలుదేరిన మనిషిని అట్లా అడగకూడదని నాయనమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. సారంగపాణి బల్లార్షాలో పని దొరుకుతుందని పోయాడు. తిరిగి రాలేదు. అది డెబ్భై ఒకటి, శ్రావణ మాసం. అప్పటినుంచి శకుంతల గడప దాటే మనిషిని ఎవరినీ ఎటని అడగలేదు. పాలవాణ్ని కూడా.

అందుకే ఆ పొద్దున లేచి వచ్చి, అడగదగిన మాట ఒక్కటే అడిగింది.

"దగ్గరేనా?"

"ఇయ్యాల దగ్గరే. రోజింత దూరం పెంచుత" అని పాండురంగం చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

నడక అయ్యాక దుకాణంలోనే స్నానం కానిచ్చి, మధ్యాహ్నం అన్నానికి మామూలుగానే వచ్చాడు. వచ్చీ రాగానే సంచి మళ్లీ సర్ది గడప పక్కన పెట్టాడు. తిని దుకాణానికి పోయాడు. శకుంతల పక్కింట్లో జాకెట్లు కుట్టే భవాని దగ్గరకు పరుగెత్తింది.

"అన్నం తినంగ అడుగకపోయినవా అక్కా?" అన్నది భవాని.

"సంచి గడప కాడనే ఉన్నదే. సంచి ఆడ ఉన్నంతసేపు మనిషి బయలెల్లినట్టే కదా. ఎట్లడుగుత?"

"బావనైతే అడుగొద్దు గని, సంచిని అడుగొచ్చు కదా" అని భవాని కత్తెర కింద పెట్టి లేచింది.

సంచిని అడిగారు. శనగల పొట్లం కింద పుస్తకం దొరికింది. మొదటి పేజీలో పాండురంగం ముత్యాల్లాంటి అక్షరాలు: "మొదటి రోజు. ఇయ్యాల్టి సంది పాత పాండురంగం లేడు. నాలుక మీద ఆశ చంపుకోవాలె. నావాళ్లే నన్ను ఆపుతరు. ఆగొద్దు."

భవాని పుస్తకం మూసి, గోడ మీద క్యాలెండరు చూసి, గుండె మీద చెయ్యి వేసుకుంది. "అక్కా, ఇయ్యాలనే కార్తీకం సొచ్చింది."

"అయితే?"

"అయితే ఏమున్నది, కాశీ."

సాయంత్రం బస్సుకు పరకాల నుంచి పాండురంగం అక్క చిలుకమ్మ దిగింది. పుస్తకం చదివించుకుని విన్నది, సంచి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "మా మేనమామ పోశయ్య గూడ గిట్లనే చేసిండు. ముందుగాల సంచి, ఎనుకసిరి కాషాయం" అని తేల్చింది.

"తెల్లారి ఎనుకంగ పోయి చూద్దామా వదినె?"

"ఎనుకంగ పోతే మనమే సాగనంపినట్టయితది. మనిషిని ఇంటికి కట్టేసేది కడుపే. పొయ్యి ముట్టియ్యి పిల్లా."

నాలుగు రోజుల్లో ఆ ఇంట్లో బచ్చాలు, గరిజెలు, అరిసెలు, పరమాన్నం వరుసగా అయ్యాయి. నేతి వాసనకు వీధి చివరి కుక్కలు కూడా మకాం మార్చాయి. పాండురంగం పరమాన్నం గిన్నె చూసి ఉమ్మి మింగాడు. సొంతవాళ్లే పరీక్ష పెడతారని ఫోనులో ఆయన ముందే చెప్పాడు. ఎంత చక్కగా చెప్పాడో!

"తమ్మీ, ఒక్క బచ్చం. నా మీద ఒట్టు" అని చిలుకమ్మ నోటి దాకా తెచ్చింది.

పాండురంగం కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించాడు. "అక్కా, నాకు గివేవీ వద్దు. నేను వేరే తొవ్వల పడ్డ."

చిలుకమ్మ చేతిలో బచ్చం అట్లాగే ఉండిపోయింది. శకుంతల వంటింట్లోకి వెళ్లి పప్పుడబ్బా పట్టుకుని ఏడ్చింది. ఆయన మరునాడు బచ్చాల డబ్బా మొత్తం దుకాణంలో హమాలీ యాకయ్యకు ఇచ్చేశాడు. ఆ కబురు ఇంటికి చేరేసరికి అన్నదానం అయింది. పదో రోజుకు ప్యాంటు నడుము దగ్గర వదులైంది. బెల్టుకు కొత్త బెజ్జం పడింది. తపస్సులో శరీరం కరిగిపోతోందని భవాని వివరించింది. కాశీ కబురు విని కరీంనగర్ నుంచి దీప ఫోన్ చేస్తే, పాండురంగం నవ్వుతూ "నా ఫికర్ చెయ్యకు బిడ్డా, ఇంక పదకొండు రోజులే ఉన్నయ్" అన్నాడు. అవతల దీప భోరుమంది. లైనులో ఏదో గరగర అనుకుని పాండురంగం పెట్టేశాడు.

శకుంతల మాత్రం ఒక్క రోజూ తప్పలేదు. రోజూ నాలుగున్నరకే మెలకువ. ఆయన కంటే ముందు లేచి, తెర వెనక నుంచి సంచి చప్పుడు వినడం, గేటు దగ్గర నిలబడి ఆయన మలుపు తిరిగేదాకా చూడడం. వీపు కనిపించకుండా పోయిన తర్వాత కూడా కాసేపు అక్కడే ఉండేది. మధ్యాహ్నం చెప్పుల చప్పుడు వినబడితే గాని ఆమెకు అన్నం ఉడకబెట్టాలని గుర్తు రాదు.

ఇరవయ్యో రోజు సాయంత్రం పుస్తకంలో ఒకే వాక్యం ఉంది. "రేపటితోని అయిపాయె."

మర్నాడు మలుపు తిరుగుతున్న పాండురంగం వెనక ఒక ఆటో బయలుదేరింది. అందులో ముగ్గురు ఆడవాళ్లు, చిలుకమ్మ ఒళ్లో ఆఖరి ప్రయత్నంగా గరిజెల డబ్బా.

"ఎటు పోవాలె అమ్మా?" అన్నాడు ఆటో అతను.

"ఎటని అడుగకు!" ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

"మరెట్ల పోనియ్యాలె?"

"గా మనిషి ఎనుక పో. మెల్లగ."

"గింత మెల్లగ పోతే బండి బంద్ పడ్తదమ్మా. దిగి నూకుతరా?"

పాండురంగం బస్టాండు వైపు తిరగలేదు, స్టేషను వైపు తిరగలేదు. వడ్డేపల్లి చెరువు కట్ట ఎక్కాడు. సంచి ఒక సిమెంటు బల్ల మీద పెట్టాడు. పెట్టి, చేతులు ఊపుకుంటూ పొగమంచులోకి నడిచాడు.

"సంచి గూడ ఇడిసిపెట్టిండే! అన్నీ ఇడిసిండే!" అని చిలుకమ్మ గుండెలు బాదుకుంది.

శకుంతల ఆటో ఆగకముందే దిగింది. ఒక చెప్పు రోడ్డు మీద, రెండోది కట్ట మెట్ల మీద ఊడిపోయాయి. మంచులో మసకబారుతున్న ఆ వీపును చూసేసరికి యాభై నాలుగేళ్లుగా గొంతులో ఉన్న మాట ఆగలేదు.

"దీప బాపూ! ఎటు పోతానవ్?"

కట్ట మీద నడిచేవాళ్లందరూ ఆగిపోయారు. పాండురంగం వెనక్కి తిరిగి చూసి పరుగెత్తుకొచ్చాడు. చెప్పుల్లేని భార్య, ఏడుస్తున్న అక్క, జుట్టు ముడేసుకోని భవాని. ఆయన మొహం పాలిపోయింది. "ఏమైంది? ఎవలకేమైంది? దీప మంచిగున్నదా?"

"ఎటు పోతానవని అడుగుతాన్న!"

"ఎటు పోవుడేందే? గా చివరికి. మళ్ల ఈడికే."

"మళ్ల ఈడికే?"

"మళ్ల ఈడికే. రోజు ఆరుసార్లు."

శకుంతల కట్ట మీదే కూలబడింది. చిలుకమ్మ కళ్లు తుడుచుకుని, "మరి కాశీ?" అంది.

"కాశీయా? నేను కాశీకి పోతే దుకాణం ఎవలు తీస్తరక్కా?"

అప్పుడు షుగరు, సూది, ఫోనులో ఆయన, అన్నీ బయటికొచ్చాయి. ఆటో అతను కూడా నిలబడి పూర్తిగా విన్నాడు. పాండురంగం ఊడిన చెప్పులు ఏరుకొచ్చి భార్య ముందు పెట్టి, పక్కన కూర్చున్నాడు.

"ఒక్కమాట అడుగొచ్చు కదనే."

"అడిగితే పోతరు" అంది శకుంతల నేల చూస్తూ.

సారంగపాణి సంగతి ఆయనకు తెలుసు. "ఇప్పుడడిగినవ్ గదా. పోలే గదా" అన్నాడు.

అట్నుంచి అటే రక్తపరీక్షకు పోయారు. డాక్టరు చీటీ చూసి, ఇప్పుడప్పుడే సూది అక్కర్లేదు, నడక మాత్రం మానొద్దన్నాడు. అందులో మొదటి సగం పాండురంగం శ్రద్ధగా విన్నాడు.

మర్నాడు ఆయన ముసుగు తీయలేదు. "ఇరవై ఒక్కటన్నరు, చేసిన. ఇరవై రెండని ఎవలన్నరు?" అని గోడ వైపు తిరిగాడు. శకుంతలకు మాత్రం నాలుగున్నరకు కళ్లు తెరుచుకున్నాయి. మూసినా మూతపడలేదు. వినడానికి సంచి చప్పుడు లేదు, గేటు దగ్గర చూడడానికి వీపు లేదు. ఫోనులో ఆయన చెప్పింది అక్షరాలా నిజమే. ఇరవై ఒక్క రోజులకు అలవాటు నాటుకుంది. ఎవరిలో నాటుకుంటుందో ఆయన చెప్పలేదు, అంతే.

కాసేపు చూసి ఆమె లేచింది. సంచిలో తువ్వాలు, నీళ్ల సీసా, శనగలు వేసుకుంది.

ముసుగులోంచి నిద్రమత్తు గొంతు. "ఎటు పోతానవే?"

శకుంతల గడప మీద ఒక్క క్షణం ఆగింది. వీపు మీద దెబ్బ పడలేదు.

"గా చివరికి" అంది. "మళ్ల ఈడికే."

శకుంతల నడక ఇప్పటికీ సాగుతోంది. కట్ట మీదికి పాండురంగం మళ్లీ రాలేదు. ఆయన చివరిసారి వచ్చింది నవంబరు పదకొండు, మంగళవారం.