బూలరింగ ఇచ్చిన మూడు నక్షత్రాలు

ఊరి ఏకైక బేకరీని అంతర్జాలంలో వెలిగించాలని దక్షిణ ఆస్ట్రేలియాలోని మా బూలరింగ పట్టణాభివృద్ధి సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. కార్యదర్శిగా తీర్మానం కింద మొదటి సంతకం నాదే.

కారణం చిన్నది. కొత్త హైవే ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతలి నుంచి పోతోంది. ప్రయాణికులు ఇప్పుడు ఊరిని చూసి ఆగరు, ఫోను చూసి ఆగుతారు. ఆ బేకరీలో మేవిస్ ట్రెలోర్ ముప్పై ఒక్క ఏళ్లుగా పాస్టీలు కాలుస్తోంది. గొర్రెమాంసం, బంగాళదుంప కూరిన ఆ కజ్జికాయలు కొనేవాళ్లు రాకపోతే చలికాలం ముగిసేలోపు పొయ్యి ఆర్పేయాల్సిందే.

అడిలైడ్ నుంచి ట్రిస్టన్ ఫెల్లోస్ అనే నిపుణుణ్ని రప్పించాం. మేజోళ్లు లేకుండా బూట్లు తొడిగాడు కాబట్టి నిపుణుడేనని నమ్మాం. ఫుట్‌బాల్ క్లబ్బు హాల్లో ఆయన ఉపన్యసించాడు.

"మిత్రులారా, పాస్టీ రుచి ముఖ్యం కాదు. పాస్టీకి ఒక గాథ కావాలి. ఒక స్వరం కావాలి. ఒక డిజిటల్ ఆత్మ కావాలి."

"ఉల్లిపాయ ఇంకాస్త వెయ్యాలా?" అని మేవిస్ అడిగింది.

మూడు రోజులు ఫొటోలు తీశారు. మెరుపు కోసం పాస్టీకి వార్నిష్ పూశారు. మా ఊరి క్లెమ్ పెంచుకునే కుక్క దాన్ని తిని రెండు రోజులు మెరిసే వాంతులు చేసుకుంది. మేవిస్ దోసిట్లో పిండి పట్టుకుని దిగంతంలోకి చూసింది. ఆ దిక్కున ఉన్నది ఊరి చెత్తకుప్ప.

ఇక మిగిలింది ప్రజాభిప్రాయం. ఊళ్లోని రెండు వందల పన్నెండు మందీ ఫోనులో బేకరీకి అయిదింటికి ఇన్నని నక్షత్రాలు ఇచ్చి, ఒక మాట రాయాలని ట్రిస్టన్ ఆదేశించి వెళ్లిపోయాడు. ఒక్కరూ మానలేదు.

మా ఊళ్లో ఎవరినైనా ఎదురుగా పొగిడారంటే పాత కారు అంటగట్టబోతున్నారని అర్థం. ఒకడు కాస్త పైకి లేస్తే కిందికి లాగి పక్కన కూర్చోబెట్టుకోవడం మా పౌరధర్మం. మూడేళ్ల కరువు తర్వాత వాన పడితే "తడిసింది" అన్నాం. పెళ్లయిన పద్నాలుగేళ్లకు కవలలు పుడితే క్లెమ్ "ఫర్వాలేదు" అన్నాడు. కళ్లు తుడుచుకుంటూనే అన్నాడు.

ఆ క్లెమే రాశాడు: "తిన్నాను. బతికున్నాను." మూడు నక్షత్రాలు. పాదిరిగారు రాశారు: "ఇంతకన్నా చెత్తవి తిన్నాను." మూడు. నా పెళ్లి కేకు చేసింది మేవిసే. నేను "ఫర్వాలేదు" అని రాసి మూడే ఇచ్చాను.

ప్రయాణికులు రానే వచ్చారు. ఫుట్‌బాల్ మైదానం వెనకున్న మరుగుదొడ్డికి బయటివాళ్లు నాలుగు పాయింట్ తొమ్మిది ఇచ్చి ఉన్నారు. వచ్చినవాళ్లు దాన్ని వాడుకుని, మూడు నక్షత్రాల బేకరీ ముందు బండి ఆపకుండా వెళ్లిపోయారు.

ఒక ఉదయం మేవిస్ ఫోను నా ముందు పెట్టింది.

"నావి అంతంతమాత్రమేనా, లాకీ?"

"అదేం మాట అత్తా. నీ పాస్టీ లేనిదే ఊరికి తెల్లారదు."

"ఆ ముక్కే రాయొచ్చుగా."

"అలా రాస్తే బాగోదు కదా."

నాకు సిగ్గేసింది. అయినా మార్చలేదు. నేనొక్కణ్నే అయిదిస్తే ఊరు నవ్వదా?

ఆగస్టులో, చలికాలం ఇంకా పోకముందే, మేవిస్ పొయ్యి ఆర్పింది. ఆ రోజు ఊరంతా వరుసలో నిలబడి చివరి పాస్టీ తింది. పోయినవాళ్లను పొగడటానికి మాకు ఏ అభ్యంతరమూ లేదు, మూతపడ్డ కొట్టుకూ అదే నియమం. సాయంత్రానికల్లా రెండు వందల పన్నెండు మందీ అయిదేసి నక్షత్రాలకు మార్చారు. "దేవుడు తన కోసం చేయించుకునే వంట" అని క్లెమ్ రాశాడు. నేను రాసింది నాలుగు పేరాలు.

ఇప్పుడు రాష్ట్రంలో ఆ బేకరీదే మొదటి స్థానం. దూరదూరాల నుంచి కార్లు వస్తున్నాయి. దిగి, తాళం లాగి చూసి, మరుగుదొడ్డికి వెళుతున్నారు. సంఘం తన కృషిని అభినందిస్తూ మరో తీర్మానం చేసింది.

పోర్ట్ ఆగస్టాలో చెల్లెలి దగ్గరున్న మేవిస్‌కి ఫోను చేసి ఈ శుభవార్త చెప్పాను. 

"ఫర్వాలేదు" అని పెట్టేసింది.

మీరు నవ్వుకోండి. మీ వీధి చివరి కొట్టు గురించి మంచి మాటలు మీ దగ్గరా ఉండే ఉంటాయి, అది మూతపడే రోజు కోసం భద్రంగా.